మంచినీళ్లలో మరణం

సిరిసిల్లను ఒరుసుకుని పారే మానేరు మంథని దగ్గర గోదావరిలో కలుస్తుంది. జగిత్యాల, కోరుట్ల మీద కురిసిన వాన కూడా వాగులు పట్టుకుని అదే గోదావరిని చేరుతుంది. అక్కణ్నుంచి కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం. ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ యానాం పక్కగా సాగి కోరింగ మడ అడవుల దగ్గర సముద్రంలో పడుతుంది. మన నీళ్లు అట్లా పోయి ఉప్పును కలుసుకుంటాయి. నేను చెప్పబోయే చేప ఎదురుదారిన వచ్చింది. ఉప్పును విడిచి, గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో, సముద్రానికి వందల కిలోమీటర్లు ఎడంగా ఉన్న మన ఊళ్లకు వచ్చి, ఇక్కడి గాజుతొట్లలో చచ్చిపోయింది. ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటా కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చూసినవీ విన్నవీ కలిపి ఒకే చేప బతుకుగా చెప్తున్నాను.

దాన్ని పచ్చమచ్చల పఫర్ అందాం. దుకాణంలో ఉత్త పఫర్ అంటే చాలు, తీసిస్తారు. దాని పుట్టిల్లు నది సముద్రంలో కలిసే మొగ. ఆ నీళ్లు ఒక్కపూట కూడా ఒక్కతీరుగా ఉండవు. పోటు వస్తే సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది, ఆటు తీస్తే ఏరు సముద్రంలోకి జారుతుంది. వరద దినాల్లో ఉప్పు పలచబడుతుంది, ఎండాకాలం చిక్కబడుతుంది. ఈ ఎగుడుదిగుడుకు తట్టుకోలేక ఎన్నో చేపలు అక్కడికి రావు. పఫర్ ఆ మార్పునే తన రాజ్యం చేసుకుంది. పిల్లగా ఉన్నప్పుడు ఉప్పు తక్కువగా ఉండే ఎగువన తిరుగుతుంది. పెరిగేకొద్దీ ఉప్పు ఎక్కువగా ఉన్న నీళ్లవైపు దిగుతుంది.

అక్కడ దానికి ఎదురు లేదు. పైన రెండు, కింద రెండు పళ్లపలకలు కలిసిపోయి చిలకముక్కులా గట్టిపడ్డ నోరు దానిది. నత్తగుల్లను, చిన్న ఎండ్రికాయ డొప్పను ఒక్క కొరుకుతో పగలగొడుతుంది. రెండు కళ్లూ దేనికది విడిగా తిరుగుతాయి. పొట్ట కింది రెక్కలు లేవు. పొలుసులు లేవు, చర్మంలో సన్నటి ముళ్లుంటాయి. ఏదైనా పెద్ద చేప మింగబోతే గటగటా నీళ్లు తాగి బంతిలా ఉబ్బుతుంది. అప్పుడా ముళ్లు నిక్కుతాయి. అన్నిటికీ మించి ఒంట్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం. ఆ విషం పఫర్లు సొంతంగా పుట్టించుకునేది కాదు. కొన్ని బ్యాక్టీరియాల నుంచి, అవి చేరిన ప్రాణులను తినడం వల్ల వాటి ఒంట్లో పోగవుతుంది. జపాన్‌లో ఫుగు పఫర్లను విషం లేని మేతతో పెంచి చూశారు, వాటిలో విషం రాలేదు. అంటే ఏరు ఇచ్చినదే దాని ఆయుధం. ఏటి నుంచి విడదీస్తే ఆ ఆయుధం కొత్తగా చేరదు.

విజ్ఞానలోకం కూడా దానికి గౌరవమే ఇచ్చింది. వెన్నెముక ఉన్న జీవుల్లో అతి చిన్న జన్యురాశుల్లో ఒకటి దీనిది. మనిషికి దాదాపు 300 కోట్ల జన్యు అక్షరాలుంటే దీనికి 34 కోట్ల చిల్లర. అందుకే ఫ్రాన్స్‌లోని జెనోస్కోప్, అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఈ చేపను ఎంచుకుని, దాని జన్యురాశిని చదివి 2004లో నేచర్ పత్రికలో అచ్చువేశారు. దాని జన్యు అక్షరాలను చదివిన కాలంలోనే, దానికి ఉప్పు కావాలన్న ఒక్క మాట మన వీధిలోని దుకాణానికి చేరలేదు.

పతనం మొదలైంది పట్టుకోవడంతో. గుడ్లు పెట్టించి పిల్లలను లేపి అమ్మడం ఈ చేప విషయంలో వ్యాపారానికి అందలేదు. బజారులో కనపడేవి దాదాపు అన్నీ ఏట్లో పట్టినవే. పట్టేది మూడు నాలుగు సెంటీమీటర్ల పిల్లలను. ఆ వయసులో అది మంచినీళ్లలో కూడా కొన్నాళ్లు నిలబడగలదు. ఆ బలమే దాని మెడకు ఉరి అయింది. మంచినీళ్లలో వేసిన రోజే చచ్చిపోతే పట్టినవాడు తెలుసుకునేవాడు, అమ్మినవాడు తెలుసుకునేవాడు. చావలేదు గనుక మంచినీటి చేప అని పేరు పడ్డది. కొల్‌కతా, చెన్నై కొళత్తూరు వంటి రంగుచేపల బజార్లు, ఆ తర్వాత హైదరాబాద్, కరీంనగర్, చివరకు మన బస్టాండు పక్క దుకాణం. చేయి మారిన ప్రతిచోటా అది పుట్టిన నీళ్ల సంగతి ఇంకొంచెం చెరిగిపోయింది. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో చేపలు సేకరించినప్పుడు ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, ఆ 200 చేపల బొమ్మలను 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. వలవేసినవాణ్ని అడిగితే ఏ నీళ్లలో దొరికిందో చెప్తాడు. ఈ బేరంలో అతణ్ని ఎవరూ అడగలేదు.

పుస్తకాలవాళ్లు కూడా దీనికి పెద్ద సాయం చేయలేదు. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో పుస్తకం వేసి ఫ్లూవియాటిలిస్, కట్‌కూటియా, పటోకా అనే పఫర్లను వర్ణించాడు. అదే 1822లో మారియన్ డి ప్రోసే అనే ఆయన నైగ్రోవిరిడిస్‌ను వర్ణించాడు. మన కథలోని పచ్చమచ్చల పఫర్ ఇదే. అక్వేరియం పుస్తకాలు చాలాకాలం నైగ్రోవిరిడిస్ బొమ్మవేసి కింద ఫ్లూవియాటిలిస్ అని రాశాయి. 1975లో డెక్కర్స్ ఆసియా పఫర్లను సమీక్షించాడు. 2013లో కొట్టెలాట్ నైగ్రోవిరిడిస్‌నూ ఫ్లూవియాటిలిస్‌నూ టెట్రాడాన్ ప్రజాతి నుంచి తీసి డైకోటోమిక్టెరేలో పెట్టాడు. దుకాణంలో ఇవేవీ తెలియనక్కరలేదు. కానీ తొట్టి ముందు నిలబడి కొనేవాడికి ఈ చేపల్లో తేడా తెలియాలి, ఎందుకంటే ఉప్పు లెక్క అక్కడే తేలుతుంది.

వీపు మెరిసే పసుపుపచ్చ, దాని మీద దేనికది విడిగా గుండ్రని నల్లమచ్చలు, పొట్ట తెల్లగా ఉంటే అది నైగ్రోవిరిడిస్. పదిహేను సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. వీపు మసకబారిన ఆకుపచ్చో గోధుమరంగో ఉండి, మచ్చలు పెద్దవై, వంకరటింకరగా ఒకదాంట్లో ఒకటి కలిసి అడ్డపట్టెల్లా కనపడితే ఫ్లూవియాటిలిస్. బంగాళాఖాతం తీరం పొడుగునా నదీముఖాల చేప అది. ముదురు వీపు మీద పసుపు గీతలు మెలికలు తిరిగి 8 అంకెలా ఉండి, వీపురెక్క మొదట్లో ఒకటి, తోక మొదట్లో ఒకటి అంచుకట్టిన కన్నులాంటి మచ్చలుంటే ఫిగర్ ఎయిట్ పఫర్. ఆగ్నేయాసియాది, ఎనిమిది సెంటీమీటర్లు దాటడం అరుదు. గోధుమరంగు వీపు మీద తెల్లటి చుక్కలుంటే పటోకా. అది అడుగు దాకా పెరుగుతుంది, ఇంటి తొట్టికి తగదు. ఇవన్నీ ఉప్పు కోరేవే. వీటి పక్క తొట్టిలోనే ఒక్క అంగుళం ఉండే బుల్లి పఫర్ కూడా ఉంటుంది. కేరళ నదులది, 1941లో హోరా, నాయర్ దానికి పేరు పెట్టారు. అది అచ్చమైన మంచినీటి చేప. పెద్ద పఫర్‌కు ఉప్పు కావాలని ఎక్కడో విని ఈ పిల్లదాని తొట్టిలో ఉప్పు పోసినవాళ్లూ ఉన్నారు. గుర్తుపట్టకపోతే ఒకటి ఉప్పు లేక చస్తుంది, ఇంకొకటి ఉప్పుతో చస్తుంది.

ఇప్పుడు ఇంటికి వద్దాం. కోరుట్లలో ఒక ఇల్లు. తండ్రి దుబాయిలో, తల్లీ పిల్లలూ ఇక్కడ. జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. పిల్లవాడు ముచ్చటపడి అడిగితే తల్లి వెయ్యి రూపాయలు తీసి ఇచ్చింది. ఒకటిన్నర అడుగుల తొట్టి, రంగురాళ్లు, గాలి పంపు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు, ఒక పఫర్. “మంచినీళ్లల్లనే బతుకుతది తమ్మీ, ఏం గాదు” అని దుకాణంలో చెప్పారు. చెప్పినవాళ్లకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

మొదటి నెలలు దాని వైభవమే. పఫర్ మనిషిని గుర్తుపడుతుంది. గదిలోకి రాగానే గాజుకు ముక్కు ఆనించి, తోక వంచి, చిన్న రెక్కలు గిరగిరా ఆడిస్తూ ఎదురుచూస్తుంది. ఒక కన్ను మేత డబ్బా మీద, ఇంకో కన్ను పిల్లవాడి ముఖం మీద. రాత్రి వీడియో కాల్‌లో “బిడ్డా, చేపకు దానా ఏసినవా” అని అడిగేవాడు తండ్రి. ఫోను తొట్టికి ఆనిస్తే దుబాయిలో కూడా నవ్వేవాళ్లు. ఇంత చనువుగా మసిలే చేప ఇంటి తొట్లలో మరొకటి నేను ఎరగను. అందుకే దీని చావు మిగతా చేపల చావులా ఉండదు.

లోపల మాత్రం మొదటి రోజునుంచే పోరు నడుస్తున్నది. చేప రక్తంలో ఉప్పు ఎక్కువ, చుట్టూ నీళ్లలో లేదు. నీళ్లు మొప్పల గుండా ఆగకుండా లోపలికి వస్తాయి, లవణాలు బయటికి కారిపోతాయి. వచ్చిన నీళ్లను మూత్రపిండాలు తోడిపోయాలి, పోయిన లవణాలను మొప్పల్లోని కణాలు తిరిగి పట్టుకోవాలి. పగలూ రాత్రీ ఈ పనే. పిల్లప్పుడు చేతనైంది. పెరిగేకొద్దీ దాని ఒళ్లు ఉప్పునీళ్లకు సిద్ధమవుతుంది, తొట్టిలో నీళ్లు మాత్రం మారవు. ఇంటివాళ్ల కళ్లకు ఏదీ కనపడదు. పొట్ట తెలుపు తగ్గి బూడిదరంగు పడుతుంది. చేప గాజు వెంట పైకీ కిందికీ అలుపులేకుండా ఈదుతూనే ఉంటుంది. చూసినవాళ్లు ఆడుకుంటున్నదనుకుంటారు. అది బయటికి పోయే దారి వెతుకుతున్నది.

ఇంతలో గోల్డ్ ఫిష్‌ల తోకలు చిరిగాయి. నత్తలు కొరికే నోరు అది, దొరికినదాన్ని కొరుకుతుంది. దాన్ని కోపిష్టి చేప అన్నారు. పిల్లవాడి దోస్తులు వచ్చినప్పుడు వలతో పైకి తీసి, వేలితో పొడిచి ఉబ్బించారు, ఫోన్లో తీసుకున్నారు. పఫర్ ప్రాణభయంతో ఉబ్బుతుంది. నీళ్లలో అయితే తాగిన నీళ్లు వదిలేస్తుంది. గాలిలో ఉబ్బితే ఆ గాలి లోపల చిక్కుకుని బయటికి రాక చచ్చిపోవచ్చు. ఆ రోజు అది బతికింది. ఆ తర్వాత రెండు రోజులు రాయి చాటు వదల్లేదు.

మేత ఇంకొక దెబ్బ. డబ్బా గింజలు మెత్తనివి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గట్టి గుల్లలు కొరికితేనే అరుగుతాయి. ఆరు నెలలకో ఏడాదికో పైపలక కిందికి వంగి నోరు మూసుకుపోయింది. మేత వేస్తే వస్తుంది, నోటితో పొడుస్తుంది, పట్టలేదు. పడ్డ మేత అడుగున కుళ్లింది. అమ్మోనియా పెరిగింది. తల్లి నీళ్లు మార్చింది. నల్లా నీళ్లు పట్టి తిన్నగా పోసింది. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనుషులకు మేలు చేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లో మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియాను చంపుతుంది. చేప ఒంటి మీద తెల్లచుక్కలు లేచాయి. దుకాణంలో మందు ఇచ్చారు. అలాంటి మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, పొలుసులు లేని పఫర్‌కు రాగి పడదు. పైన మే నెల, గదిలో ఎండ సెగ, వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఏ దెబ్బ చివరిదో చెప్పడం కష్టం. పొద్దున లేచేసరికి పక్కకు ఒరిగి ఉంది. “ఎండకు చచ్చింది” అన్నారు. మందు ఎక్కువైందన్నారు. దిష్టి తగిలిందని కూడా అన్నారు. ఉప్పు మాట ఎవరి నోటా రాలేదు. సరిగా చూసుకుంటే పదేళ్లు బతకగల చేప ఏడాదిలో పోయింది. తండ్రి ఫోన్ చేస్తే పిల్లవాడు మాట్లాడలేదు.

అక్కడ దుబాయిలో ఆ తండ్రి తాగేది సముద్రం నీళ్లే. ఉప్పు తీసేసి పంపిస్తారు. ఇక్కడ ఆయన కొడుకు పెంచిన చేపకు అదే ఉప్పు దొరకలేదు. ఈ సంగతి నా మనసులోంచి పోదు.

దొరకని వస్తువా అంటే కాదు. కానీ వంటింటి ఉప్పూ దొడ్డుప్పూ పనికిరావు. అవి దాదాపు ఉత్త సోడియం క్లోరైడ్. మొగ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు కూడా ఉంటాయి. అవి కలిపి చేసిన మెరైన్ సాల్ట్ హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది, తెప్పించుకోవచ్చు. దానితోపాటు ఉప్పు చిక్కదనం చూసే హైడ్రోమీటర్ ఒకటి. మామూలు నీళ్లు 1.000 చూపిస్తే సముద్రం 1.025 దగ్గర ఉంటుంది. పచ్చమచ్చల పిల్లకు 1.005తో మొదలుపెట్టాలి, లీటరుకు సుమారు 8, 9 గ్రాముల మెరైన్ సాల్ట్. పెరిగేకొద్దీ నెలల మీద 1.015 దాకా, ఆ పైకి తీసుకుపోవాలి. ఒక్కసారిగా పోస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా చచ్చి నీళ్లు విషమవుతాయి. వారానికి 0.002 మించకుండా, నీళ్లు మార్చినప్పుడే, వేరే బకెట్లో కరిగించి కలపాలి. ఫిగర్ ఎయిట్‌కు 1.005 నుంచి 1.008 దాకా చాలు. మన బోరు నీళ్లు గట్టివి, ఆ గట్టిదనం పఫర్‌కు మంచిదే. అయితే గట్టి నీళ్లంటే ఉప్పునీళ్లు కావు, ఆ పొరపాటు వద్దు. నల్లా నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వేసి వాడాలి.

మన ఎండలకు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. తొట్టి నీళ్లు ఆవిరైతే నీళ్లే పోతాయి, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన మేరకు మంచినీళ్లు పోయాలి. మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపిన నీళ్లు. ఇది తెలియక రెండు సందర్భాల్లోనూ ఉప్పునీళ్లు పోస్తే జూన్ నాటికి తొట్టి సముద్రమవుతుంది. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మూత తీసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

తొట్టి చిన్నదైతే ఇవేవీ నిలవవు. ఒక్క పచ్చమచ్చల పఫర్‌కు 110 లీటర్లు కనీసం, పెరిగినదానికి ఇంకా పెద్దది. ఫిగర్ ఎయిట్ ఒక్కటైతే 60 లీటర్లు. చేప కొనడానికి నెలన్నర ముందే ఫిల్టర్ నడిపించి బ్యాక్టీరియాను కుదురుకోనివ్వాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా వచ్చాకే చేప. దాని తొట్టిలో దానికి తోడు వద్దు, ఒంటరిగానే పెంచాలి. తిండికి నత్తలు. మన చుట్టూ వరిపొలాలు, కాకతీయ కాల్వ, చెరువులు, నత్తలకు కరువేం లేదు. కానీ పొలం నత్తలో పురుగుమందు ఉండొచ్చు, పరాన్నజీవులు ఉండొచ్చు. నాలుగు నత్తలు తెచ్చి వేరే సీసాలో పిల్లలు పెట్టించి, ఆ పిల్లలను వేయడం మేలు. డొప్పతో ఉన్న రొయ్య ముక్కలు, చిన్న ఎండ్రికాయ కాళ్లు కూడా పెట్టొచ్చు. పళ్లు ఇప్పటికే పెరిగిపోయి ఉంటే లవంగనూనెతో మత్తుపెట్టి కత్తిరిస్తారు. చుక్క ఎక్కువైతే ఆ మత్తులోంచి లేవదు, అందుకే చేయి తిరిగినవాళ్లే చేయాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, మత్తు సంగతి తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. వెళ్లి అడగడానికి మొహమాటపడొద్దు.

పెంచలేమనిపిస్తే మిడ్ మానేరులోనో ఊరి చెరువులోనో వదలడం దయ కాదు. అక్కడ కూడా ఉప్పు లేదు. తొట్టిలో తగిలిన రోగం ఏదైనా ఉంటే చెరువు చేపలకు అంటుకుంటుంది. ఉప్పు తొట్టి నడుపుతున్నవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లకు ఇవ్వాలి.

ఇప్పటికే పోయిన చేపల సంగతి ఒక్కటి మిగిలింది. ఏట్లో పట్టి తెచ్చినప్పుడు ఒంట్లో ఉన్న విషం తొట్టిలో ఎంత తగ్గిందో ఇంట్లో కొలిచే సాధనం లేదు. పిల్లికీ కుక్కకూ కోడికీ వేయొద్దు. చెత్తబుట్టలో పడేస్తే పిల్లి లాగుతుంది. చేతులకు సంచి తొడుక్కుని తీసి, పెరట్లో మూరెడు లోతు గుంత తవ్వి, రాయి పెట్టి పూడ్చాలి.